పిల్లి నడుము మీద పుండు, ఊరికే నాకుతాంది. డాక్టరు దగ్గరికి పోయేదాకా ఇంట్లో ఏం చేయొచ్చు?

పెన్నాతీరం (కడప) | గురువారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది కడప, యర్రముక్కపల్లి పక్క. మా ఇంట్లో బంగారి అని ఆడపిల్లి ఉండాది. మూడేండ్లు దాటింది, ఆపరేషన్ కూడా అయిపోయింది. వానలు మొదలైనప్పటి నుంచి తోక మొదట్లో, నడుము మీద ఒకటే నాకుడు. పండ్లతో కొరుక్కుంటాంది కూడా. ఇప్పుడు ఆడ వెంట్రుకలు పోయి రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా, తడితడిగా ఉండాది. చుట్టూ తడిమితే చిన్న చిన్న పొక్కులు గరుగ్గా తగుల్తాయి. చీము లేదు, వాసన లేదు. తిండి బాగానే తింటాంది.

మా అత్త డెట్టాల్ నీళ్లతో కడగమంటాంది. పక్కింటాయన వేపనూనె, పసుపు కలిపి పూయమంటాడు. మెడికల్ షాపులో అడిగితే మనుషులకు వాడే క్రీము ట్యూబు ఒకటి చేతిలో పెట్టినారు. నేనింకా ఏదీ పూయలేదు. పూసిందంతా నాకేస్తాది గదా, కడుపులోకి పోతే ఏమవుతాదో అని భయంగా ఉంది. ఇంట్లో పెండ్లి పనులు, సోమవారం దాకా డాక్టరు దగ్గరికి తీసకపోయేదానికి కుదరదు. అంతవరకు ఏం చేయల్లో తెలిసినోళ్లు చెప్పండి.

నల్లరేగడి (ఆలూరు, కర్నూలు జిల్లా) | గురువారం, రాత్రి 9:48

అక్కా, మేము గొర్రెలు మేపేటోళ్లం. గొర్రెకు గజ్జి లేస్తే వేపనూనెలో పసుపు కలిపి పట్టిస్తాం. ఈగ వాలదు, పుండు తొందరగా ఆరుతాది. మా నాయన కాలం నుంచి ఇదే. పుండులో పురుగు పడితే మాత్రం టర్పెంటైన్ నూనె నాలుగు చుక్కలు వేస్తే పురుగులు బయటికి వచ్చేస్తాయి. పిల్లికి కూడా ఇదే చేసుకోవచ్చు అనుకుంటా.

గడ్డిపూవు (అనంతపురం) | గురువారం, రాత్రి 10:05

వద్దన్నా, వద్దు. గొర్రె తన నడుము మీద పూసింది నాకి మింగదు. పిల్లికి రోజంతా అదే పని, ఒంటి మీద ఏది పడినా నాలుకతో తీసి లోపలికి పంపిస్తుంది. నేను మా వీధిలో పిల్లులకు అన్నం పెడతా ఉంటా. టర్పెంటైన్ పూసిన పిల్లిని ఒకదాన్ని చూసినా. నోట్లో నురగ, నాలుకంతా పొక్కింది, నీళ్లు కూడా మింగలేకపోయింది. పుండు కంటే ఆ నూనెతోనే ఎక్కువ అవస్థ పడింది.

పెన్నాతీరం అక్కా, ఆ డెట్టాల్ సీసా మీ అత్తకు కనపడని చోట పెట్టండి. ఇక్కడ ఒక పశువైద్యురాలు అప్పుడప్పుడు వచ్చి రాస్తుంటారు, ఆమెను పిలుస్తున్నా.

సీమ_పశువైద్యురాలు | గురువారం, రాత్రి 11:10

పెన్నాతీరం గారూ, ఏదీ పూయకుండా ఆగి అడిగారు, చాలా మంచి పని చేశారు. నేను కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేస్తాను. జంతువును చూడకుండా ఇది ఫలానా జబ్బే అని చెప్పలేను గానీ, మీరు రాసిన చోటు, ఆ గరుకు పొక్కులు, వానలతో మొదలవడం, ఇవన్నీ కలిపి చూస్తే మొదటి అనుమానం ఫ్లీ పురుగుల కాటుకు వచ్చే అలర్జీ మీదికి పోతుంది. ఫ్లీ అంటే పిడుదు కాదు. పిడుదు తోలుకు కరుచుకొని ఉంటుంది, ఇది ఎగిరి దూకుతుంది, సన్నగా నల్లగా ఉంటుంది. కుట్టేటప్పుడు దాని ఉమ్మి చర్మంలోకి దిగుతుంది. ఆ ఉమ్మి ఒంటికి సరిపడని పిల్లికి ఒంటి నిండా పురుగులు ఉండక్కర్లేదు, ఒకటి రెండు కుట్టినా రోజుల తరబడి దురద. ఆ దురదకు పిల్లి తన నాలుకతోనే తోలు లేపేసుకుంటుంది. పిల్లి నాలుక మీద సన్నటి ముళ్లు ఉంటాయి కదా.

కాబట్టి ఇంట్లో మీరు చేయాల్సింది పుండును శుభ్రంగా, పొడిగా ఉంచడం, నాకనివ్వకుండా చూడటం. మందు పూయడం మీ పని కాదు.

శుభ్రం చేయడానికి మెడికల్ షాపులో నార్మల్ సెలైన్ అడగండి. 0.9 శాతం ఉప్పునీళ్లు అవి. దొరకకపోతే అర లీటరు నీళ్లు బాగా మరగకాచి, ముప్పావు టీస్పూను ఉప్పు వేసి, గోరువెచ్చగా చల్లార్చుకోండి. మిగిలినవి మరుసటి రోజుకు దాచొద్దు. పిల్లిని పాత తువ్వాలులో తల బయటికి ఉండేలా చుట్టి, ఇంకొకరిని పట్టుకోమనండి. దూది పోగులు పుండుకు అంటుకుంటాయి, అందుకని గాజ్ గుడ్డ, అంటే కట్టు కట్టే పలచటి నూలు గుడ్డ, వాడండి. ఉప్పునీళ్లలో ముంచి పుండు మీద ఒక నిమిషం ఆనించి ఉంచితే ఎండిన పక్కు దానంతట అదే మెత్తబడుతుంది. గోరుతో గీకి తీయొద్దు. తర్వాత పొడి గాజ్ గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. రోజుకు రెండుసార్లు చాలు.

చుట్టూ ఉన్న వెంట్రుకలు పుండులో తడిసి అంటుకుపోతుంటే కొద్దిగా కత్తిరించవచ్చు. కానీ పిల్లి తోలు పలచన, వెంట్రుకలు పట్టి లాగితే తోలు కూడా గుడారంలా పైకి లేచి కత్తెరలో పడుతుంది. ముందు తోలుకు ఆనించి దువ్వెన పెట్టి, దువ్వెనకు పైన ఉన్న వెంట్రుకలే కత్తిరించండి. పిల్లి కదులుతుంటే ఈ పని వదిలేయండి.

ఇక వాడకూడనివి. డెట్టాల్‌లో ఉండే క్లోరోజైలినాల్ ఫినాల్ జాతి మందు. ఫినాళ్లను విరిచి బయటికి పంపే పని మన కాలేయం చేసినట్టు పిల్లి కాలేయం చేయలేదు, ఆ ఎంజైము దానికి సరిపడా లేదు. ఫినైలు కూడా అంతే. సావ్లాన్‌లో సెట్రిమైడ్ ఉంటుంది, నాకితే నోరు, గొంతు పుండ్లవుతాయి. కర్పూరం కలిపిన నూనెలు, టీ ట్రీ ఆయిల్, కిరోసిన్, సున్నం, ఏవీ వద్దు. కాలమైన్ లోషన్లో, డయపర్ క్రీముల్లో జింక్ ఆక్సైడ్ ఉంటుంది, అది కడుపులోకి పోకూడదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ వచ్చి శుభ్రమైనట్టు కనిపిస్తుంది గానీ మానుతున్న కొత్త కండను కూడా కాలుస్తుంది. పసుపు అంత విషం కాదు, అయినా తడి పుండు మీద ముద్దగా గట్టిపడి కింద చెమ్మ నిలుస్తుంది, డాక్టరుకు పుండు అసలు రంగు కనపడదు.

నొప్పి అని పారాసిటమాల్ మాత్రం చేతికి తీసుకోకండి. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు. నెత్తురులో ఎర్రకణాలు ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తాయి, చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది. ఇది ఇంటింటికీ తెలియాల్సిన మాట అని నేను ప్రతిచోటా చెప్తుంటాను.

ఆ మెడికల్ షాపు ట్యూబు మీద పేరు చదివి ఇక్కడ పెట్టండి. ఒక పని కూడా చేయండి: పేలదువ్వెనతో దువ్వి, రాలిన నలుసుల్ని తడి దూది మీద వేసి చూడండి.

పెన్నాతీరం (కడప) | శుక్రవారం, ఉదయం 7:35

డాక్టర్ మేడం, శానా థ్యాంక్స్. పొద్దున్నే చేసి చూసినా. మా ఆయన తెల్ల పంచె ఒకటి కటకటాల దగ్గర వెలుతురులో పరిచి, దాని మీద బంగారిని నిలబెట్టి తోక వైపు నుంచి పేలదువ్వెనతో దువ్వినా. పురుగు ఒక్కటీ కనపడలేదు. పంచె మీద మాత్రం నల్లగా సన్న రవ్వ రాలింది, మట్టేమో అనుకున్నా. మీరు చెప్పినట్టు తడి దూది మీద వేస్తే కాసేపటికి ఒక్కొక్క రవ్వ చుట్టూ తుప్పు రంగు దిగింది. వేలితో నలిపితే ఎర్రగా సాగింది. మా అత్త చూసి ఇది నెత్తురే గదా అనింది.

ట్యూబు మీద క్లోబెటసాల్, నియోమైసిన్, మైకోనజోల్ అని ఉంది.

సీమ_పశువైద్యురాలు | శుక్రవారం, ఉదయం 8:15

మీ అత్తగారు సరిగ్గా చెప్పారు. అది ఫ్లీ తాగి విసర్జించిన పిల్లి నెత్తురే. మట్టి అయితే తడిలో అంత ఎర్ర రంగు దిగదు. పురుగు కనపడకపోవడం మామూలే, దురద ఉన్న పిల్లి వాటిని పట్టి మింగేస్తుంది. దాంతో ఇంకో తిప్పలు ఉంది, ఫ్లీ మింగితే బద్దెపురుగు వస్తుంది. మలద్వారం దగ్గర గానీ పడుకునే చోట గానీ తెల్లగా గింజల్లాంటివి కనిపిస్తే డాక్టరుకు చెప్పండి, ప్రాజిక్వాంటెల్ మాత్ర ఇస్తారు.

ఆ ట్యూబు మూత తీయొద్దు. క్లోబెటసాల్ చాలా గట్టి స్టెరాయిడ్. పిల్లి పలచటి తోలుకు, అదీ నాకే చోట, పనికిరాదు. ఒకవేళ ఆ పుండు తామర అయి ఉంటే స్టెరాయిడ్ ఎరుపును అణిచి తామరను లోపల పెంచుతుంది. మనుషుల్లో కూడా ఈ మూడు కలిపిన క్రీములు చీటీ లేకుండా పూసుకొని మొండి తామరలు తెచ్చుకుంటున్నారు.

టవర్‌క్లాక్ (అనంతపురం) | శుక్రవారం, ఉదయం 10:30

నాకకుండా మెడకు వేసే కాలర్ కోసం ఊరంతా తిరిగే పని లేదు. ఇంట్లో పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఉంటే చాలు. సగం చందమామ ఆకారంలో కత్తిరించి గరాటాలాగా చుట్టి టేపు వేయండి. అంచులు తోలు కోస్తాయి, అందుకని మెడ వైపూ బయటి వైపూ దూది పెట్టి ప్లాస్టర్ అంటించండి. మెడకూ కాలర్‌కూ మధ్య రెండు వేళ్లు దూరాలి. పొడవు ముక్కు కొన దాటి కొంచెం ముందుకు ఉండాలి, పొట్టిగా ఉంటే నడుము దాకా నాలుక పోతుంది. మొదటి పూట వెనక్కి నడుస్తుంది, గోడలకు తగులుకుంటుంది, అదంతా చూసి జాలిపడి తీసేయొద్దు. అన్నం గిన్నె వెడల్పుగా, లోతు తక్కువగా ఉండేది పెట్టండి.

గడ్డిపూవు (అనంతపురం) | శుక్రవారం, ఉదయం 11:02

ఎక్స్‌రే లేకపోతే పిల్లల పాత బనియను చేతి ముక్క కోసి, ముందుకాళ్లకు రెండు కంతలు పెట్టి ఒంటికి తొడగొచ్చు. నడుము మీద పుండుకు ఇది బాగా పనిచేస్తుంది. పలచటి నూలుది చూడండి. తడిస్తే మార్చాలి.

నల్లరేగడి (ఆలూరు, కర్నూలు జిల్లా) | శుక్రవారం, మధ్యాహ్నం 1:15

మేడం చెప్పింది అర్థమైంది. గొర్రె లెక్క వేరు, పిల్లి లెక్క వేరు. వేపనూనె మాట పక్కన పెట్టండి అక్కా. మా కాడ కుక్కకు పిడుదులకని మెడ మీద పోసే మందు ఒకటి ఉండాది. దొడ్లో పిల్లులు కూడా ఉండాయి మాకు. అది వాటికి పోయొచ్చునా మేడం? కుక్క పెద్దది కాబట్టి పిల్లికి సగం పోస్తే సరిపోతాది గదా?

సీమ_పశువైద్యురాలు | శుక్రవారం, మధ్యాహ్నం 2:40

నల్లరేగడి గారూ, పోయకముందే అడిగినందుకు చాలా సంతోషం. సగం కాదు, చుక్క కూడా వద్దు. కుక్కల మందుల్లో చాలావాటిలో పర్మెత్రిన్ ఉంటుంది. కుక్క తట్టుకుంటుంది, పిల్లి తట్టుకోదు. కొన్ని గంటల్లో వణుకు మొదలై ఫిట్స్ దాకా పోతుంది. కుక్కకు పోసినా, అది ఆరేదాకా పిల్లులను దాని పక్కన పడుకోనివ్వొద్దు. పొరపాటున పిల్లి మీద పడితే వెంటనే గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ద్రవం వేసి కడిగి, తువ్వాలులో చుట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి. గొడ్లకు పిడుదులకు వాడే అమిట్రాజ్ కూడా పిల్లికి వద్దు.

పిల్లులకు పనికొచ్చేవి వేరే ఉన్నాయి. పిల్లుల కోసమే తయారైన ఫిప్రోనిల్, సెలామెక్టిన్ లాంటివి. బరువు చూసి, డాక్టరు చెప్పిన కొలత, తల వెనక మెడ మీద నాలుక అందని చోట వెంట్రుకలు చీల్చి తోలుకే తగిలేలా వేయాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లికూనలకు ఫిప్రోనిల్ వేయకూడదు.

తుంగభద్రగట్టు (కర్నూలు) | శుక్రవారం, సాయంత్రం 6:50

మేడం, ఇక్కడే అడగొచ్చా? మాది తెల్లపిల్లి, ఎనిమిదేళ్లది. ఎండాకాలం నుంచి ఒక చెవి కొసన చిన్న పక్కు కట్టి ఉంది. ఊడుతుంది, కాస్త నెత్తురు, మళ్లీ కడుతుంది. దురద లేదు, గోక్కోదు. పగలంతా మిద్దె మీదే పడుకుంటుంది. దీన్ని కూడా ఉప్పునీళ్లతో కడుగుతూ ఉండనా?

సీమ_పశువైద్యురాలు | శుక్రవారం, రాత్రి 8:05

మీరు మాత్రం కడుగుతూ కూర్చోకండి, ఈ వారంలోనే చూపించండి. తెల్ల చెవులు, తెల్ల ముక్కు ఉన్న పిల్లులకు ఎండ దెబ్బ నేరుగా తోలుకు తగులుతుంది, అక్కడ రంగు కణాలు అడ్డం ఉండవు. ఏళ్ల తరబడి మన సీమ ఎండలో పడుకుంటే చెవి కొసన మానని పుండు వస్తుంది, అది స్క్వేమస్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్ కావచ్చు. చిన్నగా ఉన్నప్పుడు చెవి కొస తీసేస్తే చాలావరకు అక్కడితో ఆగుతుంది. ముదిరినాక ముఖం దాకా తింటుంది. క్యాన్సరే అని నేను అనడం లేదు, ముక్క తీసి పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. కానీ అన్ని నెలలు మానని పుండును ఇంటి వైద్యంతో నడపకూడదు. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా మిద్దె తలుపు మూసి పెట్టండి.

కర్నూలులో పరీక్ష కుదరకపోతే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల ఆసుపత్రి గానీ, తిరుపతి కళాశాల గానీ.

చిన్నచౌకు_అమ్మ (కడప) | శుక్రవారం, రాత్రి 9:30

మా పాపకు మోచేతి మీద గుండ్రంగా ఎర్ర వలయం వచ్చింది. ఇంట్లో పిల్లికూనకు చెవి పక్కన, ముక్కు మీద వెంట్రుకలు రాలి బూడిద రంగు పొట్టు లేస్తాంది. దురద పెద్దగా లేదు. రెండూ ఒకటేనా?

గడ్డిపూవు (అనంతపురం) | శుక్రవారం, రాత్రి 9:41

తామర లాగా ఉంది అక్కా. పాపను చర్మం డాక్టరుకు, కూనను పశువుల డాక్టరుకు, రెండిటినీ ఒకేసారి చూపించండి. ఒకరికే మందు వాడితే మళ్లీ రెండోవాళ్ల నుంచి అంటుకుంటుంది. అంతదాకా కూనను ఒకే గదిలో ఉంచండి, పాప పక్కలో పడుకోనివ్వొద్దు. కూనను పారేయాల్సిన పని లేదు, మందులతో నయమయ్యేదే.

సీమ_పశువైద్యురాలు | శుక్రవారం, రాత్రి 10:20

గడ్డిపూవు గారు చెప్పింది సరైనదే. తామర తెచ్చేది ఒక రకం బూజు. రాలిన వెంట్రుకల్లో అది నెలల తరబడి బతికి ఉంటుంది, కాబట్టి దుప్పట్లు వేడినీళ్లలో ఉతకండి, గదిని తడిగుడ్డతో తుడవండి. పొడి చీపురుతో ఊడిస్తే వెంట్రుకలు గాలిలో లేస్తాయి. చెవి అంచు నుంచి మందంగా బూడిద పక్కు కట్టి ముఖం మీదికి పాకుతూ, ఆపకుండా గోక్కుంటుంటే మాత్రం అది గజ్జి. దానికి మందు వేరు.

పెన్నాతీరం గారూ, మీకు ఒక మాట మిగిలింది. సోమవారం దాకా ఆగొచ్చు అని నేను అనుకుంటున్నది పుండు ఇలాగే ఉంటేనే. చుట్టూ వాచి వేడిగా తగిలినా, చీము, దుర్వాసన వచ్చినా, పుండు రోజురోజుకు పెద్దదైనా, పిల్లి ఒక రోజంతా తినకపోయినా పెండ్లి పని ఇంకొకరికి అప్పజెప్పి ఆరోజే పోండి. తినని పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకొని అదొక పెద్ద జబ్బవుతుంది. వానల్లో ఈగలు ఎక్కువ, తడి పుండు మీద గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు కనిపిస్తాయి. అలాంటప్పుడు ఏ నూనె పోయకుండా తీసుకురండి, మేం మత్తిచ్చి పట్టకారుతో ఏరి తీస్తాం.

కడిగేటప్పుడు అది మిమ్మల్ని కరిచినా, గోరు దిగినా ఆ చోటును సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ప్రభుత్వాసుపత్రికి పోండి. బంగారికి రేబిస్ టీకా వేయించి ఉంటే ఆ కార్డు దగ్గర పెట్టుకోండి.

పెన్నాతీరం (కడప) | సోమవారం, రాత్రి 8:45

అందరికీ చెప్పల్ల. తీసకపోయి వచ్చినాము. కూరగాయల ప్లాస్టిక్ ట్రేలు రెండు ఒకదాని మీద ఒకటి బోర్లించి తాడుతో కట్టి, లోపల దాని పాత దుప్పటి పరిచి ఆటోలో పెట్టుకున్నాం. టవర్‌క్లాక్ అన్నా, మా మామ మోకాలి ఎక్స్‌రేతో చేసిన కాలర్ బాగా నిలిచింది. రెండో రోజుకే పుండు మీద తడి ఆరి, అంచుల నుంచి లేత గులాబీ రంగు తోలు కమ్ముకొస్తాంది.

డాక్టరు గారు కూడా ఫ్లీ అలర్జీనే అన్నారు. తోలు గీసి మైక్రోస్కోపులో చూసి గజ్జి పురుగు లేదన్నారు. ఏదో లైటు వేసి తామర ఉందేమో కూడా చూసినారు. దురద తగ్గేదానికి సూది వేసి, మెడ మీద పిల్లుల మందు పోసి, నెలకొకసారి వరసగా మూడు నెలలు వేయించమన్నారు. పుండుకు ఉప్పునీళ్లే కొనసాగించమన్నారు. బంగారి ఇంటికి వచ్చి గిన్నె ఖాళీ చేసి పడుకునింది.

ఇల్లు ఏం చేయల్లో అడిగేది మరిచిపోయినా. మాది పాత ఇల్లు, కింద అంతా కడప బండలే. సందుల్లో సిమెంటు లేచిపోయింది.

సీమ_పశువైద్యురాలు | సోమవారం, రాత్రి 9:30

బంగారి తిన్నదంటే చాలా సంతోషంగా ఉంది.

ఆ సందులే ముఖ్యం. పిల్లి ఒంటి మీద కనిపించే పురుగులు కొద్ది భాగమే, గుడ్లూ పిల్లపురుగులూ గూళ్లూ నేల మీదే ఉంటాయి. గుడ్డు ఒంటి మీద నిలవదు, జారి సందుల్లో, మంచం కింద, గోనెసంచుల్లో పడుతుంది. గూడు కట్టుకున్నది నెలల తరబడి లోపలే ఉండి, మనిషో పిల్లో దగ్గరకొచ్చిన అలికిడికి బయటికి వస్తుంది. మూడు నెలలు మందు వేయమన్నది అందుకే. మధ్యలో మానితే మళ్లీ మొదటికి వస్తుంది.

బండల సందుల్లో దుమ్ము సన్న చీపురుతో లేపి తీసి, రోజూ బయట పారేయండి. వీలైతే సందులు సిమెంటు పాలు పోసి పూడ్పించండి. పిల్లి పడుకునే దుప్పటి వారానికొకసారి ఉడుకునీళ్లలో ఉతికి ఎండలో వేయండి. నేల సబ్బునీళ్లతో తుడిస్తే చాలు. ఫినైలు వేసి తుడిస్తే అది పిల్లి అరికాళ్లకు అంటి నోట్లోకి పోతుంది. ఇంట్లో కుక్క గానీ ఇంకో పిల్లి గానీ ఉంటే వాటికి కూడా వాటి వాటి మందు అదే రోజు వేయించండి. మెడ మీద మందు వేసినాక రెండు రోజులు స్నానం చేయించొద్దు.

పెన్నాతీరం (కడప) | సోమవారం, రాత్రి 9:52

ఇంకో పిల్లి లేదు మేడం, కుక్క లేదు. కానీ పక్కింటి పిల్లి మా వంటింటి కిటికీలోంచి వచ్చి పోతాంటాది. రేపు వాళ్లింటాయనతో మాట్లాడి దానికి కూడా వేయించేదానికి చూస్తా, మందు ఖర్చు నేను పెట్టుకుంటానని చెప్తా. మేస్త్రీకి కూడా చెప్పినాము, శనివారం వచ్చి సందులు పూడుస్తాడు.